హిమజకు చేసిన సాయం

సుద్దపాలెం హైస్కూల్లో ఆరో తరగతి చదువుతున్న హిమజకు సాయం చేసి తీరాలని పైవాళ్ళు నిశ్చయించుకున్న రోజునే ఆ పిల్ల కష్టాలు మొదలయ్యాయి. అంతకుముందు కష్టాలు లేవని కాదు. ఉన్నాయి కాని, వాటితో ఎలా నెట్టుకురావాలో తల్లి భానురేఖ, ఆ పిల్లా కలిసి ఒక పద్ధతి వేసుకున్నారు. బండి ఏదో నడిచిపోతోంది.

హిమజ నోరు తెరిస్తే పేరంటానికి వచ్చిన పెద్ద ముత్తయిదువు మాట్లాడినట్టు ఉంటుంది. ఒక్కసారి విన్న పాఠం మరచిపోదు. అదే పిల్లకు చెప్పుల బెల్టు పెట్టుకోవడం రాదు. గడియారంలో ముళ్ళు చూసి టైము చెప్పలేదు. కూడికల్లో ఒకట్ల కింద పదులు వేస్తుంది. మంచినీళ్ళకని బయటికి వెళ్తే తిరిగి వచ్చి పక్క తరగతిలో కూర్చుంటుంది. ఎదుటివాళ్ళ ముఖం చూసి అది కోపమో నవ్వో పోల్చుకోలేదు. "చేశావులే ఘనకార్యం" అని ఎవరైనా దెప్పితే "థాంక్సండీ" అని చెప్పి వస్తుంది.

కాకినాడలో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని పరీక్షలన్నీ చేసి, సంగతి తేల్చి చెప్పింది. "మీ అమ్మాయికి తెలివి తక్కువ కాదమ్మా. మాటల్లో చెప్పిందంతా లోపలికి వెళ్తుంది. బొమ్మలు, దిక్కులు, దూరాలు, ముఖాల్లో భావాలు, ఇలా మాటలు కానివే అందవు. అందుకని ఏదైనా సరే నోటితో చెప్పండి. ఒకదాని తర్వాత ఒకటి, వరుసగా చెప్పండి." మందు లేదు, మాత్ర లేదు, ఇంత చవక వైద్యం ఇంకోటి లేదు. పైగా భానురేఖ చీరల కొట్టులో సేల్స్ పనిచేస్తుంది. కట్టనని వచ్చినవాళ్ళ చేత కూడా కంచిపట్టు కట్టించి పంపే నోరు ఆమెది. ఆ నోటితోనే కూతురికి లోకం చెప్పుకుంటూ వచ్చింది. "గేటు దాటావా, అన్నం తినే చేతివైపు తిరుగు. కుళాయి దాకా నడు. కుళాయి దాటాక రెండో గుమ్మం నీ తరగతి." అలా చెప్పి చెప్పి, హిమజ ఒక్కతే బడికి వెళ్ళి వచ్చే స్థితికి తెచ్చింది. ఆ మొదటి రోజు పిల్ల ఒంటరిగా ఇంటికొస్తే భానురేఖ వీధి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

ఇక బడివాళ్ళను ఆమె అడిగింది చిన్న సంగతి. బోర్డు మీద బొమ్మ గాని పటం గాని వేసినప్పుడు, అందులో ఏముందో నోటితో కూడా చెప్పాలి. పెద్ద పరీక్షలో పటాల ప్రశ్నలు వచ్చినప్పుడు, అందులో ఏముందో ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించాలి. అంతే. ఈ ముక్క పట్టుకుని ఆమె హెడ్మాస్టరు చక్రధరరావు దగ్గరికి వెళ్ళింది.

చక్రధరరావు చెడ్డవాడు కాదు. సర్క్యులర్ వస్తే చదువుతాడు, చదివాక నమ్ముతాడు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే. భానురేఖ చెప్పింది వినగానే ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"అమ్మా, మీరు దేవుడిలా వచ్చారు. దృశ్యదీపం పథకానికి మా బడిలో ఒక్క లబ్ధిదారూ లేదని పైనుంచి ఒకటే చివాట్లు. మీ అమ్మాయితో ఖాతా తెరిచేద్దాం."

దృశ్యదీపం కథ ఏమిటంటే, ఎవరో పెద్దలు ఎక్కడో సదస్సుకు వెళ్ళి, చదువులో వెనకబడ్డ పిల్లలకు బొమ్మలతో చెబితే బాగా ఎక్కుతుందని విని వచ్చారు. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. కాని చాలామందికి నిజమైంది అందరికీ నిజం కాకపోతే ఆఫీసులో ఫైలు కదలదు. అందుచేత అందరికీ నిజమని ఉత్తర్వు వేసేశారు. బొమ్మ మంచిదైతే మాట చెడ్డదయి ఉండాలి కదా అని ఎవరికో తోచింది. దాని మీద, లబ్ధిదారుతో మాట వాడరాదని రెండో ఉత్తర్వు వచ్చింది.

వారం తిరక్కుండా జిల్లా దృశ్యదీప సమన్వయాధికారి డాక్టర్ విభావసు జీపు దిగాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో బొమ్మల పెట్టె. భానురేఖను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"మేడమ్, మా విభాగం గుర్తించిన అభ్యసన సమస్యలు పద్దెనిమిది. వాటన్నిటికీ సమగ్ర పరిష్కారం ఒకటి."

"మా అమ్మాయికి బొమ్మలే అర్థం కావండి," అంది భానురేఖ.

"అందుకేనమ్మా ఇన్ని బొమ్మలు తెచ్చింది."

"అది కాదండి. మాటల్లో చెబితే ఇట్టే పట్టేత్తదండి."

"మా ఆందోళన కూడా అదే. అమ్మాయి మాటల మీద అతిగా ఆధారపడుతోంది. ఊతకర్ర తీసేస్తే తప్ప స్వతంత్ర నడక అలవడదు."

"కాలు లేనోడి దగ్గర కర్ర లాగేసుకుంటే ఎలా నడుత్తాడండీ బాబూ?"

విభావసు జాలిగా తల పంకించి, తన కాగితం మీద "తల్లి: అవగాహనా లోపం, కౌన్సెలింగ్ అవసరం" అని రాసుకున్నాడు. చక్రధరరావు ఆయనకు కొబ్బరి బొండాం తెప్పించాడు.

మర్నాటికల్లా బడి గోడల మీద సున్నం పడింది. ఎక్కడెక్కడ అక్షరాలున్నాయో అక్కడల్లా కొట్టేశారు. "ఆరో తరగతి" పోయింది, "మంచినీళ్ళు" పోయింది, "ఆడపిల్లల మరుగుదొడ్డి" పోయింది. వాటి స్థానంలో గుండ్రాలు, త్రికోణాలు, బాణాలు వచ్చాయి. గుండ్రం కింద త్రికోణం ఉంటే ఆడపిల్లలది. త్రికోణం కింద గుండ్రం ఉంటే హెడ్మాస్టరు గది. ఆ త్రికోణం ఆయన కిరీటమట.

మిగతా పిల్లలు ఒక్క పూటలో నేర్చేసుకున్నారు. హిమజ మధ్యాహ్నం బెల్లులో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని టిఫిను డబ్బా విప్పుతున్న చక్రధరరావును చూసి నివ్వెరపోయింది.

"సార్, మీరు ఆడపిల్లల బాత్‌రూములో అన్నం తింటన్నారేంటండీ?" అని మర్యాదగా అడిగింది.

ఆయన కోపంతో ఎర్రబడ్డాడు. ఎర్రబడ్డాడన్న సంగతి హిమజకు తెలియలేదు. జవాబు కోసం అలాగే నిలబడింది. నోటితో కసిరే అధికారం ఆయనకు లేదు. పెట్టె వెతికి, కనుబొమలు ముడిచిన ముఖం బొమ్మ ఒకటి తీసి చేతికిచ్చాడు. హిమజ దాన్ని అపురూపంగా సంచీలో దాచుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి తల్లికి చూపించి, "హెడ్మాస్టరు గారు ఇచ్చారమ్మా. పాపం ఆయనకి పంటినొప్పి కాబోలు," అంది. ఆ నెలలో అలాంటి బొమ్మలు సంచీ నిండా పోగయ్యాయి. వాటిని గోడకు అంటించమని హిమజ తన తండ్రి సత్తిబాబు వెంటపడింది. రైసుమిల్లు నుంచి అలసి వచ్చిన సత్తిబాబు అంటించి, వరుసగా చూసుకుని, "సర్కారోళ్ళు ఊరికే ఇత్తన్నారంటే చేతులు రెండూ జేబులో పెట్టుకోవాలే, చెప్పానా?" అన్నాడు పెళ్ళాంతో.

మాట నిషేధం తరగతిలోకి వచ్చేసరికి వాటం మారింది. లబ్ధిదారు వినేంత దూరంలో ఉపాధ్యాయులు నోరు విప్పరాదన్నారు. లబ్ధిదారు ఆరో తరగతిలో ఉంది గనక ఆరో తరగతి మొత్తానికి మౌనం పట్టింది. తెలుగు టీచరు మేరీ సుగుణ గొంతు వీధి చివరకు వినిపించేది. ఆవిడ పద్యం చదువుతుంటే పక్క తరగతివాళ్ళు లెక్కలు మానేసి వినేవాళ్ళు. అలాంటి మనిషి సవర్ణదీర్ఘ సంధి చెప్పడానికి ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టి, ఒకే చొక్కాలో ఇద్దరినీ దూర్చి, చొక్కా సాగదీసి చూపించింది. చొక్కా చిరిగింది. సంధి మాత్రం ఎవరికీ తెలియలేదు. పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వారు. హిమజ ఒక్కతే నవ్వలేదు. ఆ చొక్కా కుట్టించుకోవడానికి డబ్బులెవరిస్తారా అని ఆలోచిస్తూ కూర్చుంది.

సుగుణ టీచరు ఉండబట్టలేక ఒకసారి హిమజ బెంచీ దగ్గర వంగి, చెవిలో రెండు ముక్కలు చెప్పింది. పిల్ల ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికే టీచరు చేతికి మెమో వచ్చింది. "లబ్ధిదారుపై అనధికార వాక్ప్రయోగానికి పాల్పడినందున మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు." ఆవిడ సంజాయిషీ రాసి తీసుకెళ్తే, అక్షరాల్లో ఉందని తిప్పి పంపారు. బొమ్మ వేసి ఇమ్మన్నారు.

తరవాత పథకం ఇంటిమీద పడింది. బళ్ళో ఆరు గంటలు కాపాడిన పిల్లను ఇంటికెళ్ళాక తల్లి మాటల్లో ముంచెత్తితే ఫలితం ఏముంటుంది అని విభావసుకు బెంగ. స్వయంగా వచ్చి వంటింట్లో బొమ్మలు అంటించి, అన్నాల వేళ దాకా కూర్చున్నాడు. భానురేఖ వడ్డించింది. సత్తిబాబు కంచంలో అన్నం కలపడానికి ఏమీ లేక పెళ్ళాం వైపు చూశాడు, బొమ్మల కట్ట తిరగేశాడు.

"చారు పొయ్యమనడానికి బొమ్మ ఏదండీ ఇందులో?"

"ద్రవం అని ఉంది చూడండి, నీలం రంగు," అన్నాడు విభావసు.

సత్తిబాబు నీలం బొమ్మ ఎత్తి చూపించాడు. భానురేఖ మంచినీళ్ళు తెచ్చి అన్నంలో పోసింది. కావాలనే పోసిందని సత్తిబాబుకు ఇప్పటికీ అనుమానం. విభావసు మాత్రం "శభాష్, సంభాషణ సఫలం" అని రాసుకుని వెళ్ళాడు.

ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని త్రైమాసిక పరీక్షల్లో, తరగతిలో ఎప్పుడూ పైన ఉండే తెలుగులోనూ సోషల్లోనూ హిమజ అట్టడుగుకు దిగింది. లెక్కల సంగతి చెప్పనక్కరలేదు. ఇప్పుడైనా కళ్ళు తెరుస్తారని భానురేఖ మార్కుల కాగితం పట్టుకుని పరుగెత్తింది. విభావసు దాన్ని చూసి చక్రధరరావుతో చేయి కలిపాడు.

"చూశారా, ఇంతకాలం లోపం మాటల చాటున దాక్కుంది. పథకం వల్ల బయటపడింది. ఇక మోతాదు రెట్టింపు చేద్దాం."

"పిల్ల నాశనమైపోతందండీ!" అంది భానురేఖ.

"ప్రగతి తొలిదశలో ఇలాగే కనిపిస్తుందమ్మా."

"మలిదశలోనో?"

"మలిదశకు ఇంకా మార్గదర్శకాలు రాలేదు."

ఆ సాయంత్రం భానురేఖ కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూ, "బళ్ళో ఏం జరిగిందే అమ్మలూ?" అని అడిగింది. మామూలుగా అయితే ప్రార్థన గంట నుంచి మొదలెట్టి, ఎవరు ఎవరితో ఏమన్నారో పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్ల. హిమజ పెదాల మీద వేలు పెట్టుకుంది. ఎంత బుజ్జగించినా పలకలేదు. చివరికి తల్లి చెవి దగ్గరికొచ్చి, "మాట్లాడితే నాకు జబ్బు ఎక్కువైపోద్దంటమ్మా," అని గుసగుసగా చెప్పి, మళ్ళీ వేలు పెట్టుకుంది.

ఆ పిల్లకు దేవుడు ఇచ్చిందే మాట. కాళ్ళు తడబడినా, కళ్ళు తికమకపడినా, నోటితో అడిగి తెలుసుకుంటూ బతికేస్తుందని భానురేఖ ధైర్యం. ఆ ఒక్కటీ ఊడబెరకడానికి ఇంతమంది జీతాలు తీసుకుని పనిచేస్తున్నారు. ఆమె వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, మర్నాడు తెల్లారగానే చక్రధరరావు ముందు నిలబడింది.

"మీ సాయానికి దణ్ణం సార్. మాకొద్దు. ఆపెయ్యండి."

"చేరడానికి నిబంధన ఉందమ్మా. మానడానికి లేదు," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "నయమైతేనే బయటికి."

"నయమైతే ఏమవుద్దండి?"

"సాధారణ విద్యార్థిగా ప్రకటిస్తారు. అప్పుడు అందరూ మామూలుగా మాట్లాడుకోవచ్చు. కాకపోతే, నయమైన పిల్లకు ఇక ఏ సౌకర్యమూ ఉండదు. పరీక్షలో చదివి వినిపించే మనిషిని అడిగారే, అది కూడా ఉండదు. పదో తరగతి దాకా, ఆ పైన కూడా."

భానురేఖ ఇంటికి తిరిగొచ్చింది.

ఇంతలో రాజధాని నుంచి డైరెక్టరు గారు దృశ్యదీపం చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. బడికి షామియానా వేశారు. కార్యక్రమంలో ముఖ్యాంశం హిమజ. గేటు దగ్గర నుంచి వేదిక దాకా నేల మీద బాణాలు గీస్తారు. లబ్ధిదారు ఎవరినీ ఏమీ అడక్కుండా, బాణాలు చూసుకుంటూ ఒంటరిగా నడిచి వచ్చి, డైరెక్టరు గారికి పువ్వు ఇస్తుంది. వద్దని భానురేఖ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆమె కొట్టుకున్నది మాటల్లో గనక పరిగణనలోకి రాలేదు.

డైరెక్టరు గారు వేదిక మీద కూర్చున్నారు. వేదిక పక్క నుంచి ఈల వేశారు. హిమజ పువ్వు పట్టుకుని బయల్దేరి, మొదటి బాణం మీద నిలబడి, అది ఏవైపు చూస్తోందో తేల్చుకోలేక, తోక వైపు నడిచింది. తోక వైపు రోడ్డుంది. తల్లులంతా షామియానా కింద కూర్చున్నారు గనక భానురేఖకు గేటు కనబడలేదు. సభ ఎదురు చూసింది. పువ్వు రాలేదు.

"లబ్ధిదారు మార్గంలో ఉంది," అని విభావసు డైరెక్టరు గారికి బొటనవేలు బొమ్మ ఎత్తి చూపించాడు.

పిల్ల బడిలో లేదని తెలిసేసరికి భానురేఖ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి ఉరికింది. "హిమజా!" అని కేక పెట్టబోతే విభావసు అడ్డం వచ్చాడు. "మేడమ్, దయచేసి! డైరెక్టరు గారి సమక్షంలో మాటలు వద్దు." ఆమె ఆయన్ని ఒక్క తోపు తోసి పరుగెత్తింది. వెనక ఉపాధ్యాయులు హిమజ ఫొటో ఒకటీ, ప్రశ్నార్థకం బొమ్మ ఒకటీ పట్టుకుని బజారులో నలుదిక్కులా చెదిరారు. అంగళ్ళవాళ్ళు ఏదో ఊరేగింపు అనుకుని దారి ఇచ్చారు. ఒకరిద్దరు చందా కూడా వేయబోయారు.

హిమజ బజారు దాటి, ఎటు చూసినా తెలియని గుమ్మాలే కనబడి, ఒక మందుల షాపు ముందు ఆగిపోయింది. చాలాసేపు పెదాల మీద వేలు పెట్టుకునే నిలబడింది. భయం ఎక్కువై ఏడుపు వచ్చింది. ఏడుపుతోపాటు మాట కూడా వచ్చేసింది.

"అయ్యా, నా పేరు హిమజండి. మాది హైస్కూలండి. నాకు దారి నోటితో చెప్పాలండి, చేత్తో చూపించకూడదండి."

షాపులో ఉన్నాయన కాస్త వింతగా చూసి, చెప్పాడు. పిల్ల ఆ మాటలు వల్లె వేసుకుంటూ వెనక్కి నడిచింది. అనుమానం వచ్చినచోటల్లా మళ్ళీ మళ్ళీ అడిగింది. భానురేఖ ఇంకో వీధిలో గొంతు చించుకుంటూ ఉండగానే, హిమజ వాడిన పువ్వుతో గేటులోకి వచ్చి, "అన్నం తినే చేతివైపు" అని గొణుక్కుంటూ, సున్నం బాణాలన్నీ తొక్కుకుంటూ వేదిక ఎక్కి, డైరెక్టరు గారికి పువ్వు ఇచ్చింది.

షామియానా దద్దరిల్లింది. చప్పట్లు కొట్టవచ్చా లేదా అని నిబంధనల్లో లేదు గనక కొట్టేశారు. విభావసు కళ్ళు చెమర్చాయి.

"సర్, నిర్దేశిత మార్గాన్ని అధిగమించి, విస్తృత దృశ్యక్షేత్రంలో స్వయంగా గమ్యం చేరింది. లబ్ధిదారుకు పూర్తిగా నయమైంది."

"అంటే నూటికి నూరు శాతమా?" అన్నారు డైరెక్టరు గారు.

"ఉన్నది ఒక్కతే సర్. ఒక్కతెకూ నయమైంది."

హిమజకు అబద్ధం తెలియదు. మైకు ముందుకు వచ్చి, "లేదండి. నేను తప్పిపోయానండి. మందుల షాపాయన చెప్పాడండి. తర్వాత బెల్లం కొట్టు దగ్గర ఒకావిడని అడిగానండి. ఆ తర్వాత రిక్షా ఆయన్నండి. బాణాలు నాకు తెలీవండి," అని పూసగుచ్చినట్టు, ఒక్కరినీ వదలకుండా చెప్పింది. వేదిక మీద అందరూ చిరునవ్వుతో విన్నారు. విభావసు కలం మాత్రం కదలలేదు. లబ్ధిదారు నోటిమాట నివేదికలో చేర్చడానికి గడి లేదు.

అప్పుడు వచ్చి పడింది భానురేఖ, ఆయాసంతో, పాదాల నిండా మట్టితో. కూతుర్ని గుండెకు అదుముకుని తలెత్తేసరికి విభావసు ఎదురుగా ఉన్నాడు.

"అభినందనలు మేడమ్. నయమైందని తల్లిగా మీరు ధ్రువీకరించాలి. తల ఊపితే చాలు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కాదంటే రేపటినుంచి మోతాదు మూడింతలు. అవునంటే పిల్లతో మనుషులు మాట్లాడతారు, పరీక్షలో మాత్రం ఒక్కరూ ఆదుకోరు. ఆ మొగాణ్ణి చెప్పు తీసుకు కొట్టాలనిపించింది, కాని చెప్పులు ఇంకా షామియానా కిందే ఉన్నాయి. దూరంగా సుగుణ టీచరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడింది. భానురేఖ తల ఊపింది.

ఇంత ఘనవిజయం సాధించిన దృశ్యదీపాన్ని జిల్లాలోని బడులన్నిటికీ విస్తరిస్తున్నట్టు డైరెక్టరు గారు అక్కడికక్కడే ప్రకటించారు. హిమజకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో అక్షరాలు లేవు.

ఇంటికి వెళ్ళే దారంతా హిమజ మాట్లాడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ చిరిగిన చొక్కాతో సహా ఒక్కొక్కటే చెప్పింది. భానురేఖ ఊ కొడుతూ నడిచింది.

"అమ్మా, ఇంక సుగుణ టీచరు నాతో మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చే అమ్మలూ."

"గడియారం నాకింకా తెలీట్లేదు. అయినా నయమైపోయినట్టేనా?"

"అయిపోయినట్టే."



"మరి పెద్ద పరీక్షలో మ్యాపు ప్రశ్న నాకు ఎవరు చదివి చెప్తారు?"

"ఎవరూ చెప్పరమ్మా," అంది భానురేఖ. "నీకు నయమైపోయింది కదా."